సున్న సంఖ్యగల యజమాని

అమెరికాలో కాపురముండు తెలుగు కుటుంబములలో, పనిచేయు శక్తి యింకను మిగిలియున్నను కొత్త విండోస్‌కు తగిన హంగులు లేవని మూలపడిన పాత ల్యాప్‌టాపు ఒకటైనను లేని యిల్లు అరుదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ సంరక్షణను విరమించిన పిమ్మట, అట్టి యంత్రములను పారవేయుటకు మనసొప్పనివారు, వానిలో వెల లేకుండ లభించు లినక్స్‌ను ఎక్కించి, పిల్లల చదువునకో, స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులు వార్తలు చూచుకొనుటకో వినియోగింపవచ్చునని తలపోయుచున్నారు. ఆ తలపు మంచిది. ఆ పనియు నేడు కష్టమైనది కాదు. పెన్‌డ్రైవులోనికి లినక్స్‌ను దింపుకొని, దానితో యంత్రమును ప్రారంభించి, భాష యేది, కీబోర్డు ఏది, ఏ ప్రాంతపు కాలమును చూపవలెను అను ప్రశ్నలకు సమాధానములు చెప్పుచు పోయినచో కొద్దిసేపటిలో అంతయు ముగియును.

అయితే ఆ ప్రశ్నల నడుమ ఒక చిన్న తెర వచ్చును. మీ పేరేమి, ఈ కంప్యూటరునకు ఏమి పేరు పెట్టెదరు, లాగిన్ అగుటకు ఏ పేరు వాడెదరు, పాస్‌వర్డ్ ఏమి, యంత్రము తెరచిన ప్రతిసారియు పాస్‌వర్డ్ అడుగవలెనా, అడుగకయే లోనికి పోనీయవలెనా అని నాలుగైదు గడులు అందుండును. మిగిలిన తెరలను దాటిన వేగముతోనే మనము దానినిగూడ దాటిపోవుదుము. కాని ఆ యంత్రముపై సర్వాధికారమెవరిది, ఆ యధికారమును వారు ఎట్లు పొందుదురు, పొందినట్లు జాడ మిగులునా మిగులదా అను విషయములు నిర్ణయమగునది అచ్చటనే. మనము ఏమియు మార్చక విడిచిన గడికూడ ఒక నిర్ణయమే; మన యింటిని చూడకయే, మన యవసరము నెరుగకయే, మనకు బదులుగ మరియొకరు ముందుగ చేసిపెట్టిన నిర్ణయమది. దానినే డీఫాల్ట్ సెట్టింగు అని వాడుకలో అనుచున్నాము. అధికారమనునది ఎల్లవేళల ధరించి తిరుగవలసినది కాదనియు, పని కలిగినప్పుడు తెలిసి చేపట్టి, పని ముగియగనే దింపివేయవలసినదనియు, డీఫాల్టు అమరిక ఈ నియమమును కాపాడునదిగ ఉండవలెనే గాని భంగపరచునదిగ ఉండరాదనియు అమెరికా దేశపు కంప్యూటరు చరిత్ర అర్ధశతాబ్దిగ బోధించుచున్నది. ఆ పాఠమును నేర్చుటకు ఆ దేశము పెద్ద వెల చెల్లించినది. మనకది వెల లేకుండ దక్కినది.

మర్రే హిల్‌లో పుట్టిన సర్వాధికారి

నేడు తెలుగువారు వేలకొలదిగ నివసించు ఎడిసన్‌కు అనతిదూరమున, న్యూజెర్సీ రాష్ట్రమునందే మర్రే హిల్ అను చోట, బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు 1969లో యూనిక్స్ అను వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. ఒకే యంత్రమును పలువురు పంచుకొను కాలమది. కావున ఎవరి ఫైలు వారిదిగ ఉండుటకు ఒక కట్టుబాటు అవసరమయ్యెను. 1971 నవంబరు 3వ తేదీ గల తొలి కరదీపికలోనే సర్వాధికారి ప్రసక్తియు, ఆ యధికారమును తాత్కాలికముగ పొందుటకు ఉపకరించు ‘ఎస్‌యూ’ అను ఆజ్ఞయు కానవచ్చును. 1991లో హెల్సింకిలో విద్యార్థిగ నుండిన లైనస్ టోర్వాల్డ్స్, తరువాత అమెరికాకు వచ్చి ఆరెగాన్ రాష్ట్రమున స్థిరపడినవాడు, లినక్స్‌ను వ్రాయ మొదలిడినప్పుడు యూనిక్స్‌వారి ఈ కట్టుబాటునే స్వీకరించెను.

ఆ కట్టుబాటు ఇట్టిది. యంత్రమునకు మన పేర్లతో పనిలేదు; ప్రతి యూజరునకును ఒక సంఖ్య ఉండును. నేటి లినక్స్ వ్యవస్థలు పెక్కింటిలో మొదట చేరిన మనుష్యునకు 1000 అను సంఖ్య వచ్చును. ప్రతి ఫైలునకును యజమాని, అతని జట్టు, తక్కినవారు అను మూడు తెగలకు చదువుట, వ్రాయుట, నడపుట అను మూడేసి అనుమతులు, వెరసి తొమ్మిది, గుర్తింపబడి ఉండును. ఎవరేది తెరువబోయినను, వ్యవస్థకు గుండెకాయవంటి కెర్నెల్ ఆ గుర్తులను పరిశీలించి పోనిచ్చుటయో నిలిపివేయుటయో చేయును. కాని వచ్చినవాని సంఖ్య సున్న యైనచో ఆ గుర్తులు అతనిని ఆపవు. ఆ సున్న సంఖ్యగల యజమానికి వాడుకలోనున్న పేరు రూట్. పేరు మార్చినను, సంఖ్య మారనంతవరకు అధికారము చెక్కుచెదరదు. అతడెవరి ఉత్తరములనైనను చదువవచ్చును, ఎవరి పాస్‌వర్డునైనను మార్చవచ్చును, నడచుచున్న వ్యవస్థను నడచుచుండగనే తుడిచివేయవచ్చును.

నా యంత్రముపై నేను ఇంతటి అధికారమును ఎల్లవేళల ఉంచుకొన్న తప్పేమి యని గృహస్థుడు అడుగవచ్చును. మనుష్యుడు మంచివాడైనంత మాత్రమున చాలదు. అతడు నడుపు ప్రతి ప్రోగ్రామును అతని యధికారమునే ధరించును. 2011లో బంబుల్‌బీ అను ఉచిత ప్రోగ్రామునకు జరిగినది ఇందుకు నిదర్శనము. ల్యాప్‌టాపులలోని ఎన్‌విడియా చిప్పును లినక్స్‌లో పనిచేయించుటకై కొందరు ఔత్సాహికులు వ్రాసిన ఆ ప్రోగ్రాముయొక్క స్థాపక స్క్రిప్టులో, పాత ఫోల్డరు నొకదానిని తొలగింపుమని చెప్పు పంక్తియందు, ‘యుఎస్ఆర్’ అను మాట తరువాత ఒక ఖాళీ చోటు పొరపాటున చేరెను. ఆ ఒక్క ఖాళీచే చిరునామా రెండు ముక్కలై, ఎక్కడనో లోపలనున్న చిన్న ఫోల్డరునకు బదులు, వ్యవస్థలోని ప్రోగ్రాములకెల్ల నిలయమైన యుఎస్ఆర్ ఫోల్డరునే తుడిచివేయుమని యర్థమయ్యెను. స్థాపనకై రూట్ అధికారముతో నడచుచున్నందున యంత్రము మారాడక ఆ పని చేసెను. వ్రాసినవారు దుర్మార్గులు కారు, వాడినవారు మూఢులు కారు. అదే పంక్తి సామాన్య యూజరు పేర నడచియున్నచో ‘అనుమతి లేదు’ అను ఒక్క మాటతో ఆగిపోయెడిది.

అధికారమునకు కొలత

ఈ వివేకమునకు శాస్త్రరూప మిచ్చినవారిలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అగ్రగణ్యులు. కంప్యూటరులోని సమాచారమును రక్షించుటనుగూర్చి 1975లో వారు ప్రకటించిన దీర్ఘ వ్యాసమున ఎనిమిది సూత్రములను ప్రతిపాదించిరి. వానిలో మూడు మన ప్రస్తుత విషయమునకు ప్రాణములు. ప్రతి ప్రోగ్రామునకును ప్రతి మనుష్యునకును చేయవలసిన పనికి చాలినంత అధికారమే ఉండవలెనని యొకటి. అనుమతి కలదని స్పష్టముగ చెప్పనంతవరకు లేదనియే వ్యవస్థ భావింపవలెనని రెండవది. రక్షణ మనుష్యునకు సులభముగ అలవడునదై యుండవలెనని మూడవది. ఏలయన కష్టమైన రక్షణను మనుష్యుడు తప్పించుకొని పోవుటకే దారి వెదకును.

రెండవ సూత్రమునకు వారు చెప్పిన కారణము శ్రద్ధతో ఆలోచింపదగినది. అమరికలో పొరపాటు జరుగుట సహజము. ఇయ్యవలసిన అనుమతి ఇయ్యకపోయినచో, పని సాగక మనుష్యుడు వెంటనే మొరపెట్టుకొనును. దోషము ఆనాడే బయటపడి సవరింపబడును. ఇయ్యరాని అనుమతి యిచ్చినచో ఎవరికిని ఇబ్బంది కలుగదు, ఎవరును మొరపెట్టరు. అది చూడవలసినవారి కంటబడక, చూడరానివారి కంటబడువరకు అట్లే నిలిచియుండును. డీఫాల్టు సెట్టింగులవలన తరువాత అర్ధశతాబ్దిలో సంభవించిన ఆపదలలో ఎన్నియో ఈ మాటలలో ముందే సూచితములైనవి.

మొదటి సూత్రమును నిత్యజీవితమున ఆచరించుటకు తగిన పనిముట్టు న్యూయార్కు రాష్ట్రమున బఫెలో నగరమందలి విశ్వవిద్యాలయమున జన్మించెను. అచ్చటి కంప్యూటరు విభాగమున పనిచేయుచుండిన బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ 1980 ప్రాంతమున ‘సుడో’ అను చిన్న ప్రోగ్రామును వ్రాసిరి. అది పిమ్మట కొలరాడో విశ్వవిద్యాలయమున పెంపొంది, 1990 దశకమునుండి టాడ్ మిల్లర్ సంరక్షణలో నేటికిని వర్ధిల్లుచున్నది. అంతకుముందు రూట్ పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడును సంపూర్ణముగ రూట్ అగుచుండెను. ఐదుగురికి తెలిసిన రహస్యముతో ఎవరేమి చేసినది తేల్చుట దుస్తరము. సుడో వచ్చిన తరువాత, రహస్యమును పంచుకొనవలసిన అవసరమే తప్పినది. చేయదలచిన ఆజ్ఞకు ముందు సుడో అని చేర్చినచో అది మన సొంత పాస్‌వర్డునే అడుగును. ‘సుడోయర్స్’ అను ఫైలులో మన పేరు కలదా, కలిగినచో ఏయే పనులకు కలదు అని చూచును. కలిగినచో ఆ యొక్క ఆజ్ఞను మాత్రము సున్న సంఖ్యతో నడపి, ఎవరు ఏ వేళ ఏమి చేసినది చిట్టాలో వ్రాసిపెట్టును. కొన్ని నిమిషముల పిమ్మట మరల పాస్‌వర్డ్ అడుగును. పెక్కు యంత్రములలో తొలిసారి వాడినవారికది మూడు హితవులు చెప్పును: ఇతరుల గోప్యతను గౌరవింపుము, టైపుచేయుటకు ముందు ఆలోచింపుము, అధికారము పెద్దదైనకొలది బాధ్యతయు పెద్దదని మరువకుము. కొత్తవారిని తికమకపెట్టు చిన్న విషయమొకటి ఇచ్చట చెప్పవలెను: ఆ పాస్‌వర్డ్ టైపుచేయునప్పుడు తెరపై అక్షరము గాని చుక్క గాని సామాన్యముగ కనబడదు. కీబోర్డు చెడినదని భ్రమపడక పూర్తిగ టైపుచేసి ఎంటర్ నొక్కవలెను.

స్థాపక ప్రోగ్రాములలో మూడు మార్గములు

ఉబుంటు, డెబియన్, ఫెడోరా మొదలగు లినక్స్ రకములను ఎక్కించు ప్రోగ్రాములు ఈ అధికారమును ఏర్పరచు పద్ధతి ఒక్కటి కాదు. 2004 అక్టోబరులో వెలువడిన తొలి ఉబుంటు నుండియు రూట్ ఖాతా ఉండును గాని దానికి పాస్‌వర్డ్ ఉండదు, కావున ఆ పేరుతో నేరుగ ఎవరును లోనికి పోలేరు. స్థాపన సమయమున మనము పేరిచ్చిన తొలి యూజరునకు సుడో హక్కు కలుగును. డెబియన్‌లో రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టుమని అడుగును; పెట్టినచో పాత సంప్రదాయమున ప్రత్యేకమైన రూట్ ఖాతా ఏర్పడును, ఆ గడిని ఖాళీగ విడిచినచో రూట్ ఖాతా మూతపడి తొలి యూజరునకు సుడో లభించును. నార్త్ కరోలినా రాష్ట్రమున రాలీ నగరము కేంద్రముగ గల రెడ్ హ్యాట్ సంస్థ పోషించు ఫెడోరాలో, నిర్వాహకునిగ ఎంచుకొన్న యూజరు ‘వీల్’ అను జట్టున చేరును. ఆ జట్టువారికే సుడో చెల్లును. డెబియన్‌లో రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టినవారు కొంతకాలమునకు సుడో వాడబోయి, తమ పేరు సుడోయర్స్‌లో లేదను సందేశమును చూచి దిగులుపడుట కద్దు. అది యంత్రదోషము కాదు. స్థాపననాడు ఒక గడిలో తాము చేసిన నిర్ణయముయొక్క ఫలము.

అధికారమును ఒక జట్టునకే పరిమితము చేయుట న్యాయమా యని ప్రశ్నించినవారును కలరు. వారిలో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమ స్థాపకుడు రిచర్డ్ స్టాల్‌మన్ ముఖ్యుడు. మసాచుసెట్స్‌లో తాను పనిచేసిన ప్రయోగశాలలో 1984లో కొందరు యూజర్లు నిర్వాహక పాస్‌వర్డును మార్చి, తక్కినవారికి తెలియకుండ దాచి, అధికారమును చేజిక్కించుకొన జూచిరనియు, కావున తన ‘ఎస్‌యూ’ ప్రోగ్రామున వీల్ జట్టు నియమమును చేర్చననియు ఆయన దాని వివరణ పత్రములోనే వ్రాసెను. పలువురు పంచుకొను యంత్రమున అధికారము కొలదిమంది సొత్తు కారాదను ఆయన ఆవేదన తీసివేయదగినది కాదు. అయితే ఇంటి యంత్రమున యజమానియు వాడుకరియు ఒక్కరే. అచ్చట సుడో మనలను మననుండియే, మన తొందరపాటునుండియే కాపాడును. అధికార మెవరిచేత నున్నను, ఎవరేమి చేసినది చిట్టాలో కనబడుట ఆయన కోరిన న్యాయమునకును అనుకూలమే.

విడిచిన గడులు తెచ్చిన ఆపదలు

1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో, కంప్యూటరు వాడుక లెక్కలలో 75 సెంట్ల తేడా ఎట్లు వచ్చినదో తేల్చుమని ఖగోళ శాస్త్రజ్ఞుడైన క్లిఫర్డ్ స్టోల్‌కు అప్పగించిరి. ఆ చిల్లర వెంటబడిన ఆయన, పశ్చిమ జర్మనీలోని హానోవర్‌నుండి అమెరికా సైనిక యంత్రములలోనికి చొరబడుచుండిన ఒకనిని నెలల తరబడి కనిపెట్టి పట్టించెను. ఆ చొరబాటుదారుడు చేసినది గొప్ప విద్య కాదు. బర్కిలీ యంత్రమున తపాలా జరుపు చిన్న ప్రోగ్రాము నొకదానిని అక్కరకు మించిన అధికారముతో ఎక్కించియుండుటచే, దాని ద్వారమున సర్వాధికారి అయ్యెను. ఇతర యంత్రములలో, తయారీదారులు మరమ్మతుదారుల సౌకర్యమునకై ఏర్పరచి విడిచిన ఖాతాలను, వానికి వారు పెట్టిన పాస్‌వర్డులతోనే తెరచెను. తాళము వేసియే యుండెను. తాళపుచెవి మాత్రము అందరెరిగిన చోటనే యుండెను.

రెండేండ్లకు, 1988 నవంబరు 2న, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ విడిచిన ప్రోగ్రాము నాటి ఇంటర్నెట్టున వేలకొలది యూనిక్స్ యంత్రములకు ప్రాకెను. అది చొరబడిన దారులలో ఒకటి, ఉత్తరములు చేరవేయు సెండ్‌మెయిల్ ప్రోగ్రాములో, వ్రాసినవారు పరీక్షలకై ఉంచుకొన్న డీబగ్ సౌకర్యము; యంత్రములను పంపునాటికి దానిని మూయక విడిచిరి. మరియొకటి, తనతో తెచ్చుకొన్న 432 మాటల పట్టికతో పాస్‌వర్డులను ఊహించుట. ఈ యువకుని తండ్రి రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌తో కలసి 1979లో పాస్‌వర్డులపై ప్రకటించిన పరిశోధనలో, 3,289 పాస్‌వర్డులు సేకరించి చూడగ వానిలో 2,831, అనగ నూటికి 86, సులభముగ కనుగొనదగినవని తేల్చియుండెను. తండ్రి చెప్పిన సత్యమును దేశము తొమ్మిదేండ్లు పెడచెవిని పెట్టగ, కుమారుని ప్రోగ్రాము దానిని దేశమంతటికిని చాటెను. ఆ నెలలోనే పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు ఆపదలను ఎదుర్కొను సమన్వయ కేంద్రము నెలకొన్నది.

లినక్స్ ఇంటింటికి చేరిన తరువాతను ఇదే కథ పునరావృతమయ్యెను. 2001 జనవరిలో రామెన్ అను, యంత్రమునుండి యంత్రమునకు ప్రాకు ప్రోగ్రాము రెడ్ హ్యాట్ 6.2, 7.0 యంత్రములలో, యజమానులు పలువురు తమ యంత్రమున నడచుచున్నవనియైన నెరుగని సర్వీసుల లోపములద్వారా దూరెను. 2016లో వచ్చిన మిరాయ్ అంతకంటె ఘోరమైనది. ఇండ్లకు కాపలాగ పెట్టుకొన్న కెమెరాలలోను, వీడియో రికార్డర్లలోను, రౌటర్లలోను చిన్న లినక్స్ ఉండును; తయారీదారులు ఒక రకపు పరికరములన్నిటికిని ఒకే యూజరు పేరును ఒకే పాస్‌వర్డును పెట్టి విక్రయించిరి. వేయి యిండ్లుగల కాలనీలో ప్రతి తలుపునకును ఒకే తాళపుచెవి సరిపోవునట్లు చేసి ఇండ్లమ్మినవానికిని వీరికిని భేదము లేదు. అరువదికి పైబడిన అట్టి జంటల పట్టికతోనే మిరాయ్ లక్షలకొలది పరికరములను వశపరచుకొన్నది. 2016 అక్టోబరు 21న న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ కేంద్రముగ గల, వెబ్‌సైట్ల చిరునామాలను చూపు డిన్ అను సంస్థపై అట్టి పరికరములు ఒక్కుమ్మడిగ విరుచుకొనిపడగ, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకపోయెను. మిరాయ్‌ను సృష్టించిన ముగ్గురు యువకులు 2017లో అలాస్కా ఫెడరల్ న్యాయస్థానమున నేరము నంగీకరించిరి. కెమెరా కొన్న గృహస్థునకు మాత్రము, తన గుమ్మముపైని పరికరము ఇతరులపై దాడికి పోయినదన్న సంగతియే తెలియదు.

ఇట్టి అనుభవముల వెనుక చట్టము వచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2018లో ఆమోదించి 2020 జనవరి 1నుండి అమలుచేసిన శాసనము ప్రకారము, ఇంటర్నెట్టుకు తగులు పరికరమునకు విడివిడిగ ప్రత్యేకమైన పాస్‌వర్డైన ఉండవలెను, లేదా తొలిసారి వాడకమునకు ముందే యజమాని కొత్తది పెట్టుకొనునట్లైన ఉండవలెను. పిల్లలు ముచ్చటపడి కొను రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరులో ఏండ్ల తరబడి ‘పై’ అను యూజరును, ‘రాస్ప్‌బెర్రీ’ అను పాస్‌వర్డును అందరికిని ఒక్కటిగనే ఉండెడివి; 2022 ఏప్రిలులో దానిని తొలగించి, స్థాపననాడే ఎవరి పేరు వారు పెట్టుకొనునట్లు మార్చిరి. అయినను ఈ ప్రమాదము గతించినది కాదు. వేంకటేశ్వరాలయముచే తెలుగువారికి సుపరిచితమైన పిట్స్‌బర్గునకు సమీపమున అలిక్విప్పా అను ఊరి మంచినీటి సంస్థలో, 2023 నవంబరులో, నీటి ఒత్తిడిని నియంత్రించు యంత్రము పరుల వశమై, సిబ్బంది చేతితో నడపుకొనవలసి వచ్చెను. అది లినక్స్ వ్యవహారము కాదు గాని నీతి యొక్కటే: ఆ రకపు యంత్రములను ఇంటర్నెట్టుకు నేరుగ తగిలింపవలదనియు, తయారీదారు పెట్టిన 1111 అను పాస్‌వర్డును తక్షణము మార్చుడనియు ఫెడరల్ సైబర్ భద్రతా సంస్థ దేశమంతటను హెచ్చరింపవలసి వచ్చెను.

మన యింటి యంత్రమున

ఇక ఆచరణకు వత్తము. స్థాపననాడు యూజరు పేరును చిన్న రోమను అక్షరములలో పెట్టి, పాస్‌వర్డునకు ఒక్క మాట గాక, ఒకదానితో నొకటికి పొంతన లేని నాలుగైదు మాటలను కూర్చుకొనుట మేలు. తెలుగు కీబోర్డు కావలెనన్నను దానిని స్థాపన ముగిసిన తరువాత చేర్చుకొనుడు. తొలి తెరలోనే దానిని ప్రధానముగ ఎంచినచో పాస్‌వర్డ్ ఏ అక్షరములలో పడినదో తెలియక లాగిన్ వద్దనే చిక్కుపడవచ్చును. డెబియన్ ఎక్కించువారు రూట్ పాస్‌వర్డ్ గడిని ఖాళీగ విడుచుట క్షేమము. పాస్‌వర్డ్ అడుగక లోనికి పోనిచ్చు సౌకర్యమును ల్యాప్‌టాపున ఎంచుకొనవలదు. తల్లిదండ్రులకును పిల్లలకును వేరువేరు ఖాతాలు తెరచి, వానికి నిర్వాహక హక్కు ఈయకుండుడు; అది వారిపై అపనమ్మకము గాదు, వారు నిర్భయముగ నొక్కి చూచి నేర్చుకొనుటకు ఏర్పరచు స్వేచ్ఛ.

డిస్కును సంకేతబద్ధము చేయవలెనా యని స్థాపక ప్రోగ్రాము అడుగు ప్రశ్నను పలువురు అర్థముకాక దాటిపోవుదురు. ఇంతవరకు చెప్పిన అనుమతులు, ఖాతాలు, సుడో, ఇవన్నియు మన వ్యవస్థ నడచుచున్నంతసేపే మనలను కాపాడును. ల్యాప్‌టాపును దొంగిలించినవాడు తన పెన్‌డ్రైవుతో దానిని ప్రారంభించినచో ఆ పెన్‌డ్రైవు లోకమున అతడే సున్న సంఖ్యగలవాడు. మన డిస్కులోని అనుమతి గుర్తులు అతనిని అడ్డగింపవు. డిస్కు సంకేతబద్ధమై యున్నప్పుడు మాత్రమే అతని కన్నులకు అర్థములేని అక్షరరాశి మిగులును. అయితే అట్టి డిస్కును తెరచు రహస్యవాక్యమును మరచినచో మనకును అదే గతి. కావున దానిని కాగితముపై వ్రాసి, పాస్‌పోర్టులు దాచుకొను చోటనే దాచుడు.

కాలముతో డీఫాల్టులును మెరుగగుచున్నవి, కాని అన్నియు కాదు. ఉబుంటులో ఒక యూజరు ఇంటి ఫోల్డరును ఆ యంత్రముననే యున్న మరియొక యూజరు చూడవచ్చునను అమరిక చిరకాలము సాగి, 2021లో వచ్చిన 21.04 విడుదలనుండి కొత్త స్థాపనలలో మారినది. దూరమునుండి లాగిన్ అగుటకు వాడు ఓపెన్ఎస్ఎస్‌హెచ్, రూట్ పేరిట పాస్‌వర్డుతో లోనికి వచ్చుటను 2015 ఆగస్టులో వెలువడిన 7.0 విడుదలలోగాని డీఫాల్టుగ నిషేధింపలేదు. ఉబుంటులో ఫైర్‌వాల్ ఉండును గాని నిద్రాణమై యుండును. దానిని మనమే మేల్కొల్పవలెను. అన్నింటికంటె ముఖ్యము అప్‌డేట్లు. 2021 జనవరిలో కాలిఫోర్నియాకు చెందిన క్వాలిస్ సంస్థ పరిశోధకులు, సుడోలోనే ఒక లోపమును కనుగొనిరి. 2011 జులైనుండి దాగియుండిన ఆ లోపముచే, సుడోయర్స్‌లో పేరులేని సామాన్య యూజరుకూడ, డీఫాల్టు అమరికతోనున్న యంత్రమున, రూట్ కాగలడు. కంచె చేను మేసిన ఆ స్థితిని దిద్దుటకు దిద్దుబాటు వెంటనే వచ్చెను. కాని అది ఎక్కించుకొన్నవారికే ఉపకరించెను. ఎక్కడనో చూచిన ఆజ్ఞను సుడో చేర్చి యథాతథముగ అతికించుట మానుడు. అర్థము కాని ఆజ్ఞకు సర్వాధికారము నిచ్చుట కంటె, ఆ పనిని ఒకనాడు ఆలస్యముగ చేయుట మేలు.

తుదకు, అమెరికాలో కంప్యూటరు వృత్తిలోనున్న తెలుగువారితో ప్రత్యేకముగ ఒక మాట చెప్పవలసియున్నది. మీలో అనేకులు డీఫాల్టులను స్వీకరించువారు మాత్రమే గారు, వానిని నిర్ణయించువారు. క్లౌడులో పదివేల యంత్రములకు మాతృకయగు ఇమేజిని తయారుచేయునది మీరే, అందు ఏ ఖాతా తెరచియుండునో ఏ పాస్‌వర్డ్ మిగిలిపోవునో చూడవలసినది మీరే. డాకర్ కంటెయినరులో ప్రోగ్రాము, వేరుగ చెప్పనంతవరకు, రూట్ పేరిటనే నడచునని మీరెరుగుదురు. ఒక్క పంక్తి చేర్చి సామాన్య యూజరును నిర్దేశించుటకు పట్టు సమయము అర నిమిషము. ఆ పంక్తి లేనందున నేడెవరును ఫిర్యాదు చేయరు. సాల్ట్‌జర్, ష్రోడర్ చెప్పినది సరిగ నిదియే: అధికముగ ఇచ్చిన అనుమతినిగూర్చి మొరపెట్టువా డుండడు. కావున ఆ మొర వినబడకముందే దానిని విని, ఎవరును అడుగకముందే ఆ పంక్తి చేర్చువాడే వృత్తిధర్మము నెరిగిన ఇంజనీరు. తాను పంపిన యంత్రమును సెట్టింగులు ఒక్కనాడును తెరచిచూడని గృహస్థుడు, వృద్ధురాలు, చిన్న ఊరి నీటి సంస్థ గుమాస్తా వాడుదురని తలంచి, వారు ఏమియు మార్చకున్నను వారికి కీడు రాకుండునట్లు అమర్చిపెట్టుట అతని విద్యకు తొలి పరీక్ష.